పదికి 1.9 మార్కులు, చార్టులో ఒకటో స్థానం: ప్రోగ్రెసివ్ రాక్‌కు పేరెలా వస్తుంది, విజయనగరం దాకా ఎందుకు రాదు?

క్లుప్తంగా: కొత్త ప్రోగ్రెసివ్ ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్‌ను విమర్శకులు మెచ్చుకున్నారంటే జనం మెచ్చినట్టు కాదు, డబ్బు వచ్చినట్టు అసలే కాదు. చిన్న వేదిక, రేడియో, పత్రిక, అవార్డు జాబితా అనే మెట్ల మీదుగా ఆ పేరు పైకి వస్తుంది. ఉత్తరాంధ్రలో వాయించేవాళ్లకు, చిక్కు లెక్కల తాళం తెలిసిన చెవులకు లోటు లేదు. మధ్యలో ఉండాల్సిన మెట్లే లేవు.

2001 మే నెలలో టూల్ అనే అమెరికన్ బ్యాండ్ ‘లేటరలస్’ ఆల్బమ్ విడుదల చేసింది. పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైట్ దానికి పదికి 1.9 మార్కులు వేసింది. అదే ఆల్బమ్ మొదటి వారంలోనే అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 చార్టులో ఒకటో స్థానానికి చేరింది. అందులోని ‘స్కిజమ్’ పాటకు మరుసటి ఏడాది గ్రామీ అవార్డు కూడా వచ్చింది. ఒకే ఆల్బమ్ మీద విమర్శకుడి తీర్పు ఒకటి, కొన్నవాళ్ల తీర్పు ఇంకొకటి.

ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కాలేజీకి వెళ్లే పిల్లల ఫోన్లలోకి కూడా ఇలాంటి బ్యాండ్ల వీడియోలు వచ్చి పడుతున్నాయి. ‘విమర్శకుల ప్రశంసలు అందుకున్న వర్ధమాన బ్యాండ్’ అని కింద రాసి ఉంటుంది. పాట వింటే తొమ్మిది నిమిషాలు, పల్లవి ఎక్కడుందో తెలీదు. మెచ్చుకున్నది ఎవరు, దేన్ని చూసి, ఆ మెప్పు వల్ల బ్యాండ్‌కు ఒరిగేదేమిటి అన్న సందేహం రావడం సహజమే.

## రెండు పేర్లు ఎలా కలిశాయి

ప్రోగ్రెసివ్ రాక్ (ముద్దుగా ‘ప్రోగ్’) 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో ఊపిరి పోసుకుంది. మూడు నిమిషాల పాట చట్రాన్ని దాటి, శాస్త్రీయ సంగీతం నుంచి, జాజ్ నుంచి నిర్మాణాన్ని అరువు తెచ్చుకుని పొడవైన పాటలు కట్టడం దాని స్వభావం. కింగ్ క్రిమ్సన్ 1969లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌ను దీనికి మైలురాయిగా చెబుతారు. ఆ రోజుల్లో గ్రామఫోన్ ఎల్పీ రికార్డుకు ఒక వైపు సుమారు 20 నిమిషాలు పట్టేది. యెస్, జెనెసిస్, రష్ లాంటి బ్యాండ్లు ఒక్కో వైపును దాదాపు మొత్తం ఒకే పాటతో నింపేశాయి. రష్ 1976లో చేసిన ‘2112’ నిడివి 20 నిమిషాల పైమాటే.

అదే సమయంలో పంక్ అనే మరో రకం రాక్ వచ్చింది. మూడు స్వరాలు తెలిస్తే చాలు, వేదిక ఎక్కి అరవొచ్చన్న ఆ ధోరణి ముందు ప్రోగ్ బ్యాండ్లు ఆడంబరంగా, తమ పనితనం చూసి తామే మురిసిపోతున్నట్టుగా కనిపించాయి. విమర్శకుల్లో ఎక్కువమంది పంక్ పక్షం చేరారు. దాంతో ‘ప్రోగ్రెసివ్’ అన్న ముద్ర చాలా ఏళ్లు దాదాపు తిట్టులాగే చెలామణి అయింది.

‘ఆల్టర్నేటివ్’ పుట్టింది వేరే చోట. పెద్ద కంపెనీల దారికి బయట, కాలేజీ రేడియోల్లో, చిన్న లేబుళ్ల (రికార్డు కంపెనీల) దగ్గర పెరిగిన రాక్ అది. 1991 నుంచి గ్రామీలో దానికి విడిగా అవార్డు ఉంది. ఆల్టర్నేటివ్‌కు విమర్శకుల దగ్గర పరపతి ఉంది, ప్రోగ్రెసివ్‌కు వాద్యం మీద పట్టు ఉంది. 1997లో రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’ వచ్చాక ఈ రెండూ ఒకే ఒరలో ఇమడగలవని తేలింది. ఆ ఆల్బమ్‌ను చాలామంది ప్రోగ్ అన్నారు, ఆ బ్యాండ్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే వాళ్లకు మంచిదైంది అనుకోవాలి.

## విమర్శకుడికి ఏం నచ్చుతుంది

విమర్శకుడు వారానికి పదుల కొద్దీ ఆల్బమ్‌లు వింటాడు. అందులో చాలావరకు నాలుగు లెక్కల తాళంలో, పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అన్న వరసలో నడుస్తాయి. తాళం మారే పాట, మూడో నిమిషంలో ఇంకో దారి పట్టే పాట వస్తే చెవి నిక్కబొడుచుకుంటుంది. రాయడానికి సరుకు దొరుకుతుంది. ఇలాంటి బ్యాండ్లకు తొలి మెప్పు విమర్శకుల నుంచే రావడానికి ఇదొక ముఖ్య కారణం.

పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ‘మనీ’ పాటను తీసుకుంటే ఈ పనితనం విడదీసి చూడొచ్చు. పాట నడక ఏడు లెక్కల మీద. మామూలు రాక్ పాటకు అలవాటుపడ్డవాడు ఎనిమిదో దెబ్బ కోసం ఎదురుచూస్తాడు, అది రాదు. తరువాతి ఆవర్తం అప్పుడే మొదలైపోతుంది. శాక్సొఫోన్ కూడా ఆ ఏడులోనే వాయిస్తుంది. గిటార్ సోలో దగ్గరకు వచ్చేసరికి పాట నాలుగులోకి దిగుతుంది, అంతసేపూ బిగపట్టిన ఊపిరి వదిలినట్టవుతుంది. సోలో అయ్యాక మళ్లీ ఏడు. తాళం ఎందుకు మారిందో పాటే చెబుతోంది, పాండిత్యం చూపించడానికి మార్చినట్టు లేదు. ఆ పాట అమెరికా సింగిల్స్ చార్టులో 13వ స్థానం దాకా వెళ్లింది. అది ఉన్న ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్ 1973 నుంచి 1988 మధ్య బిల్‌బోర్డ్ చార్టులో 741 వారాలు ఉంది.

మంచి విమర్శకుడు వెతికేది ఈ తేడానే. లెక్క ఉంది, ఆ లెక్కకు అర్థం కూడా ఉందా? ‘లేటరలస్’ పాటలో 9, 8, 7 లెక్కల తాళాలు వరసగా వస్తాయి, మాటల్లోని అక్షరాల సంఖ్య ఫిబొనాచీ వరసను (1, 1, 2, 3, 5 ఇలా ముందు రెండు అంకెలు కలిపితే తరువాతిది వచ్చే వరస) అనుసరిస్తుంది. కొందరికి అది అద్భుతం. మరికొందరికి క్రాస్‌వర్డ్ పజిల్. రెండు అభిప్రాయాలూ నిజాయితీగానే ఉండొచ్చు.

## మెప్పు మెట్లెక్కే తీరు

లండన్ బ్యాండ్ బ్లాక్ మిడి కథ ఈ దారిని స్పష్టంగా చూపిస్తుంది. బ్రిక్స్‌టన్‌లో ‘విండ్‌మిల్’ అనే చిన్న పబ్బు ఉంది. ఆల్బమ్ లేకుండానే, ఆన్‌లైన్‌లో పాటలు కూడా పెద్దగా లేకుండానే ఈ కుర్రాళ్లు అక్కడ వాయిస్తూ పేరు తెచ్చుకున్నారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు. 2018లో ఐస్‌లాండ్‌లో అమెరికన్ రేడియో స్టేషన్ కేఈఎక్స్‌పీ కోసం వాయించిన వీడియో బయటికొచ్చాక సముద్రాలు దాటి పేరు పాకింది. 2019లో మొదటి ఆల్బమ్ ‘ష్లాగెన్‌హైమ్’ వచ్చిన ఏడాదే, బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలో చేరింది.

ఈ వరసలో ప్రతి మెట్టూ కిందిదాని మీద ఆధారపడింది. పబ్బు లేకపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోకపోతే రేడియోవాళ్లు పిలవరు. రేడియో వీడియో లేకపోతే వేరే దేశంలోని పాత్రికేయుడి చెవిన పడదు. పత్రికల్లో పేరు ఊరికే మోగుతూ ఉంటే అవార్డు కమిటీ కూడా ఒకసారి విని చూద్దాం అనుకుంటుంది. బ్యాండ్‌లో సత్తా ఉండాల్సిందే, అది మొదటి షరతు. కానీ ఆ సత్తాను ఒక చెవి నుంచి మరో చెవికి చేరవేసే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉంది.

ఒక్క సమీక్ష కూడా కొన్నిసార్లు పెద్ద ప్రభావమే చూపిస్తుంది. 2004లో కెనడా బ్యాండ్ ఆర్కేడ్ ఫైర్ ‘ఫ్యునరల్’కు పిచ్‌ఫోర్క్ 9.7 వేశాక ఆ చిన్న లేబుల్ దగ్గర ప్రతులు చాలక ఇబ్బంది పడ్డారు. ఇప్పుడా బలం తగ్గింది. 2024 జనవరిలో పిచ్‌ఫోర్క్‌ను దాని యాజమాన్య సంస్థ కాండే నాస్ట్, జీక్యూ పత్రికలో కలుపుతున్నట్టు ప్రకటించింది. ఒకప్పుడు విమర్శకుడు చేసిన పనిలో చాలా భాగం ఇప్పుడు యాప్‌లోని ప్లేలిస్ట్, రీల్ చేస్తున్నాయి.

## పేరొచ్చాక లెక్క

మెప్పుకూ రాబడికీ మధ్య దూరం స్ట్రీమింగ్‌లో మరీ బయటపడుతుంది. స్పాటిఫైలో పాట 30 సెకన్లు దాటి వింటే ఒక ప్లే కింద లెక్క. పది నిమిషాల పాట మొత్తం విన్నా అదే ఒకటి. గంటసేపు వింటే మూడు నిమిషాల పాటలు 20 లెక్కకు వస్తాయి, పది నిమిషాల పాటలు 6 వస్తాయి. పైగా 2024 నుంచి ముందు 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేని పాటకు రాయల్టీ రావడం లేదు. ఎల్పీ రికార్డు పొడవైన పాటను ప్రోత్సహించింది, యాప్ దాన్ని శిక్షిస్తోంది. ప్రోగ్ బ్యాండ్లు ఎక్కువగా కచేరీ టికెట్ల మీద, టీషర్టుల మీద, వినైల్ రికార్డుల మీద బతకడానికి కారణం ఇదే.

రెండోది మనుషుల మీద పడే టెన్షన్. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ వచ్చింది 1969 అక్టోబరులో. డిసెంబరు కల్లా ఇద్దరు ముఖ్య సభ్యులు వెళ్లిపోతామన్నారు. బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ అనే మరో ఇంగ్లండ్ బ్యాండ్‌లో గాయకుడు 2022లో రెండో ఆల్బమ్ విడుదలకు నాలుగు రోజుల ముందు తప్పుకున్నాడు. ఆల్బమ్‌కు సమీక్షలు బ్రహ్మాండంగా వచ్చాయి, మిగిలినవాళ్లు మాత్రం అతను పాడిన పాటలు వేదిక మీద పాడకూడదని నిర్ణయించుకుని కొత్తవి రాసుకున్నారు. బ్లాక్ మిడి కూడా 2024లో ఆగిపోయింది. ఎవరికి వారు సొంత బాణీ ఉన్న వాద్యకారులు ఒకచోట చేరితేనే ఇలాంటి సంగీతం పుడుతుంది, ఎక్కువ కాలం కలిసి ఉండటం కష్టమయ్యేదీ అందువల్లే.

## విజయనగరంలో చెవులకు లోటా?

ఏడు లెక్కల తాళం ఇంగ్లండ్ విమర్శకుడికి వింత కావొచ్చు. విజయనగరానికి కాదు. కర్ణాటక సంగీతంలో మిశ్ర చాపు ఏడే: తకిట తకధిమి, మూడూ నాలుగూ. ఖండ చాపు అయిదు. ఈ ఊళ్లో వీణ, వయొలిన్ నేర్చుకునే పదేళ్ల పిల్లలు వేళ్ల మీద వేసే లెక్కలివి.

1919లో పూసపాటి విజయరామ గజపతి రాజు స్థాపించిన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, వీటితో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని ఆయనకు ప్రతీతి. ఒకే సమయంలో వేరువేరు లయలు నడపడం అంటే ప్రోగ్ డ్రమ్మర్లు ఏళ్ల తరబడి సాధన చేసే పనే. ఆ తరువాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌తో ఏకవాద్య కచేరీలు చేసి మెప్పించారు. పరాయి వాద్యం ఇక్కడ ఇముడుతుందా అన్న ప్రశ్నకు ఈ ఊరు వందేళ్ల కిందటే జవాబిచ్చింది. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు, పి.సుశీల ఈ ఊరి బిడ్డే.

కళాశాల గోడల బయట సంగతి ఇంకా ఆసక్తికరం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జముకుల కథ చెప్పేవాళ్ల చేతిలోని జముకును దగ్గర నుంచి చూస్తే, ఒక వైపు చర్మం మూసిన డొల్ల, ఆ చర్మం మధ్య నుంచి బయటికొచ్చే ఒక తీగ. డొల్లను చంకలో ఇరికించి, తీగ చివరను చేత్తో లాగి పట్టుకుని మీటుతారు. లాగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది, వదిలేకొద్దీ కిందికి జారుతుంది. ఒకే వాద్యం తాళమూ వేస్తుంది, స్వరమూ వంచుతుంది. కథ గంటల తరబడి సాగుతుంది, మధ్యలో నడక మారుతుంది, పాట మాటవుతుంది, మాట మళ్లీ పాటవుతుంది. తప్పెటగుళ్లలో రొమ్ము మీది తప్పెటతోపాటు కాలి గజ్జె ఇంకో లయ నడుపుతుంది. పొడవైన, మలుపులున్న సంగీతాన్ని వినే ఓపిక ఈ జిల్లాల్లో లేదనడం తేలికే కానీ నిజం కాదు.

## లేనిది ఎక్కడ

తెలుగులో పాట అంటే సినిమా పాట. పత్రికలో సమీక్ష వచ్చేది సినిమాకు, అందులో సంగీతానికి రెండు వాక్యాలు. విడిగా ఒక ఆల్బమ్‌ను తీసుకుని పాట పాటకూ తర్కిస్తూ తెలుగులో క్రమం తప్పకుండా రాసే చోటు దాదాపు లేదు. కాబట్టి విజయనగరం కుర్రాళ్లు నలుగురు రేపు గొప్ప ఆల్బమ్ చేసినా, విమర్శకుల ప్రశంస అనేది తెలుగులో రావడానికి దారే లేదు. వస్తే ఇంగ్లిష్‌లో రావాలి, ముంబై నుంచో బెంగళూరు నుంచో రావాలి.

వేదికల సంగతీ అంతే. విజయనగరంలో ఆనంద గజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి ఉన్నాయి. శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ ఉంది. అవన్నీ వందలమంది పట్టే పెద్ద హాళ్లు. పేరు లేని బ్యాండ్‌కు కావాల్సింది నెలకో రోజు వంద మంది ముందు తప్పులు చేస్తూ నేర్చుకునే గది. మిగిలేవి పైడితల్లి అమ్మవారి పండగ రోజుల్లో జరిగే విజయనగరం ఉత్సవాల స్టేజీలు, జాతరలు, రాజాం, టెక్కలి వైపు ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్ట్‌లు. ఫెస్ట్‌లో అయిదు నిమిషాలు దాటితే కింద నుంచి సినిమా పాట కావాలని కేకలు మొదలవుతాయి. జాతర సౌండ్ సర్వీస్ సామాను గొంతుకు ఎకో పెట్టి దూరం వినిపించడానికి అమర్చింది. బేస్ గిటార్, కీబోర్డు, రెండు గిటార్లు అందులోంచి పోతే అన్నీ కలిసి ముద్దయిపోతాయి. ఏడు లెక్కల తాళం అప్పుడు తప్పుతాళంలాగే వినిపిస్తుంది, విన్నవాళ్లను తప్పుపట్టలేం.

అందుకే ఇక్కడ చేయి తిరిగినవాళ్లు చేసే పని ఒకటే. ఆర్కెస్ట్రాలో చేరి పెళ్లిళ్లకు వాయిస్తారు, లేదా 60 కిలోమీటర్లు వెళ్లి విశాఖలో దిగుతారు. అక్కడి నుంచి హైదరాబాద్.

## కేరళలో ఏం జరిగింది

కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్ కర్ణాటక గమకాలను గిటార్ మీద పలికించి ప్రోగ్రెసివ్ రాక్ చేసింది. 2008లో వచ్చిన వాళ్ల ‘మక్తూబ్’ ఆల్బమ్‌కు దేశవ్యాప్తంగా రాక్ వర్గాల్లో గౌరవం దక్కింది. అదే ఏడాది తిరువనంతపురం బ్యాండ్ అవియల్ పూర్తిగా మలయాళంలో ఆల్టర్నేటివ్ రాక్ ఆల్బమ్ తెచ్చింది. జానపదుల మాటలు, పదునైన గిటార్లు, ఎక్కడా ఇంగ్లిష్ పాట లేదు. 2011లో ఒక మలయాళ సినిమా వాళ్లనే పిలిచి పాట చేయించుకుంది. బ్యాండ్ ముందు, సినిమా తరువాత అన్న వరస తెలుగులో అరుదు. 2013లో మాతృభూమి సంస్థ కప్పా టీవీ పెట్టి ‘మ్యూజిక్ మోజో’ అనే కార్యక్రమంలో బ్యాండ్లకు చోటిచ్చింది. తైక్కుడం బ్రిడ్జ్ జనంలోకి వెళ్లింది అలాగే. లండన్‌లో పబ్బు, రేడియో చేసిన పనిని అక్కడ ఒక టీవీ ఛానల్ చేసింది.

బెంగళూరు బ్యాండ్ అగం సంగతి తెలుగువారు ప్రత్యేకంగా గమనించదగింది. కేరళకు చెందిన హరీశ్ శివరామకృష్ణన్ గొంతులో ఈ బ్యాండ్ త్యాగరాజ కృతులను డ్రమ్స్, గిటార్ల మధ్య పాడుతుంది. 2007లో సన్ టీవీ బ్యాండ్ల పోటీలో, ఎ.ఆర్.రెహమాన్ జడ్జిగా ఉన్నప్పుడు గెలిచి వెలుగులోకి వచ్చింది. మొదటి ఆల్బమ్ 2012లో. పాట మాటలు తెలుగు, వేదిక మాత్రం మనది కాదు.

తెలుగులో చౌరస్తా లాంటి బ్యాండ్ హైదరాబాద్ నుంచి వచ్చి యూట్యూబ్ ద్వారా జనాన్ని చేరింది. అందులో ప్రధాన గొంతు రామ్ మిర్యాల ఆ తరువాత సినిమాలోకి వెళ్లారు. ఇందులో తప్పేమీ లేదు, రాబడి ఉన్నది అక్కడే. కాకపోతే బ్యాండ్ అనేది సినిమాకు విజిటింగ్ కార్డులా మారినంత కాలం పది నిమిషాల పాట ఎవరూ కట్టరు.

విమర్శకుడు లేకుండా పాట నిలబడదా అంటే, నిలబడుతుంది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలు సమీక్షల వల్ల ఊరూరా తిరగలేదు. 1972 నుంచి జననాట్యమండలి, ఉద్యమ సభలు వాటిని మోశాయి. అంటే మోసే వ్యవస్థ ఏదో ఒకటి కావాలి. అక్కడ ఉద్యమం ఆ పని చేసింది. రాక్ బ్యాండ్‌కు అలాంటి ఉద్యమం లేదు.

## ఇక్కడి నుంచి బ్యాండ్ లేస్తే

ఉత్తరాంధ్ర నుంచి అలాంటి బ్యాండ్ వస్తే దాని తొలి శ్రోతలు బహుశా బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఇక్కడి వాళ్లే అవుతారు. టికెట్ కొని కచేరీ చూసే అలవాటు వాళ్లకుంది, యాస వింటే ప్రాణం లేచొస్తుంది. తొలి సమీక్ష ఇంగ్లిష్‌లో వస్తుంది, అందులో ‘ఫోక్ ఫ్యూజన్’ అన్న ముద్ర దాదాపు ఖాయం. ఆ ముద్ర ఉపయోగపడుతుంది కూడా, ఫెస్టివల్ నిర్వాహకుడికి ఏ రోజు, ఏ స్టేజీ అన్నది తేలిగ్గా తేలుతుంది. చిక్కల్లా ఆ ముద్రకు తగ్గట్టు పాటలు కట్టడం మొదలెడితేనే. పాట మొదట్లో మూడు సెకన్లు జముకు మోగించి, మిగతాదంతా మామూలు రాక్ వాయిస్తే జముకు ఘుమఘుమకు వేసిన కరివేపాకు అవుతుంది. అవియల్ మీద విమర్శకులకు గురి కుదిరింది జానపదం పాట నిర్మాణంలోనే ఉండటం వల్ల.

రెండో చిక్కు హక్కులది. పల్లె కళాకారుడిని స్టూడియోకు పిలిచి, పూటకింత అని ఇచ్చి పంపేయడం మామూలు. బాణీ ఊరందరిదీ కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదన్నది వాదన. బాణీ సంగతి ఎలా ఉన్నా, ఆ రోజు ఆ గొంతుతో పాడినవాడికి, ఆ చేత్తో వాయించినవాడికి భారత కాపీరైట్ చట్టం ప్రదర్శకుడిగా విడిగా హక్కులిచ్చింది. 2012 సవరణ వాటిని బలపరిచింది, ప్రదర్శకుడిగా పేరు వేయమని అడిగే హక్కు కూడా అందులో ఉంది. బ్యాండ్‌కు విమర్శకుల మెప్పు వచ్చాక, డబ్బు మాట మొదలయ్యాక ఈ లెక్క తేల్చుకోవడం కష్టం. రికార్డింగ్ రోజే, నలుగురు సభ్యుల పేర్లతోపాటు జముకు వాయించినవాడి పేరూ, వాటా ఎంతన్నదీ కాగితం మీద పెట్టుకోవడం రెండు పక్షాలకూ తేలిక.